మూత తీయని కెమెరా

అమ్మడూ,

నువ్వు చెప్పినట్టే ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌ని దాని సొంత సైటు నుంచే దించుకుని కంప్యూటర్లో ఎక్కించాను. ఎవరో పుణ్యాత్ములు రాసి, పైసా అడక్కుండా లోకానికి వదిలేశారట. మన చుట్టాల్లో అంత దానగుణం నేనెరగను.

మీ అమ్మ పెళ్లి డీవీడీ మొత్తం ఫైలుగా మారింది, మీ పిన్ని అలకతో సహా. కానీ పెళ్లికి ముందు మీ తాతయ్య కెమెరా సరిచూస్తూ తీసిన ముక్క మాత్రం రాలేదు. అడిగితే ఏమన్నావు? "అమ్మమ్మా, మరీ చిన్న ముక్కల్ని అది వదిలేస్తుంది. అయినా అందులో అంతా నల్లగానే ఉందిగా!"

నల్లగా ఉండక ఏం చేస్తుంది? ఆయన మూత తీయకుండా తీశారు. "ఏమోయ్, ఇటు చూసి ఒక్కసారి నవ్వు" అంటారు. "ముందు ఆ మూత తియ్యండి మహానుభావా!" అంటాను. ఆ పైన ఆయన నవ్వు. మిగతా డిస్కంతా ఆయన కెమెరా వెనకే ఉన్నారు, కనబడరు, మాట్లాడరు.

డిస్కు మీద గీతలు పెరిగాయి. నిన్న ఆ నవ్వు ఆగి ఆగి వచ్చింది. అందుకే, చిన్న ముక్కల్ని కూడా తీసుకోమని సాఫ్ట్‌వేర్‌కి ఎక్కడ చెప్పాలో వెంటనే రాసి పంపు. ఫోన్లో వద్దు. నువ్వు గబగబా చెప్పేస్తావు, నేను అన్నీ తెలిసినట్టు ఊ కొడతాను.

ఆ ముక్క పెట్టినప్పుడు నల్లటి తెరలో నా ముఖమే కనబడుతుంది. ఇప్పుడు ఆయన అడగ్గానే నవ్వుతున్నాను.

మీ అమ్మమ్మ