అమ్మ కాశీలో విడిచేది

శుక్రవారం రాత్రి, దిల్‌సుఖ్‌నగర్

కాశీకి టికెట్లు దొరికాయి. పోనూ రానూ ఆరు రోజులు. సంతోషపడాల్సిన దాన్ని, సాయంత్రం సగం సర్దిన బ్యాగు అలాగే వదిలేశాను.

పొద్దున పైవాటా గుంటూరు ఆంటీ వచ్చి, "కాశీలో ఇష్టమైనది ఒకటి వదిలేయాలి కదా పిన్నిగారూ, మీరేం వదులుతారు?" అని అమ్మను అడిగింది. అందరిలా కాకరకాయ పేరు చెప్పి తప్పించుకుంటుందనుకున్నాను. అమ్మ నవ్వి టీ పెట్టడానికి లేచింది.

సాయంత్రం బ్యాగు సర్దుతూ అమ్మ గుండె మాత్రల డబ్బా తెరిచాను. మూడు రోజులకే ఉన్నాయి. మొన్ననే ఎల్‌బీ నగర్‌లో నెలకు సరిపడా కొన్నాను. స్టెంట్ వేసిన డాక్టరు ఒక్క పూట కూడా మానొద్దన్నాడు.

"మిగతా గోలీలేవమ్మా?"

"అల్మారీల ఉన్నయ్. గంగల మునిగినంక అవెందుకు బిడ్డా? ఆడనే బంద్ చేస్త."

"ఇడిసేది ఇష్టమైనదాన్ని గదా! గోలీలు నీకిష్టమా?"

"గోలీలు గాదు," అంది చీర మడత పెడుతూ. "పానం మీది తీపి."

ఆ గొంతులో దుఃఖం లేదు. అందుకే భయమేసింది. మిగతా మాత్రలు తెచ్చి నా హ్యాండ్‌బ్యాగులో దాచాను. కానీ అక్కడ వేసుకోవడానికి అమ్మ నోరు తెరవనంటే ఏం చేయను? టికెట్లు రద్దు చేద్దామని రెండుసార్లు ఫోన్ తీశాను. ఇన్నేళ్లలో అమ్మ అడిగింది ఈ ఒక్క ప్రయాణమే.

పక్క మంచం మీద పడుకోబోతూ అమ్మ అడిగింది: "మరి నువ్వేం ఇడుస్తవ్ బిడ్డా?"

అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. నాకు బాగా ఇష్టమైనది ఏదని ఎంత వెతికినా, పక్క మంచం మీదికే చూపు పోతోంది.