పొడి అద్దని పెట్టెలో నా పేరుండదు

గురువారం, రుసైల్

ఇవాళ సూపర్‌వైజర్ బషీర్ భాయ్‌తో గొడవైంది. షూటింగ్ క్లబ్బులో పేల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలను మళ్ళీ వాడకానికి తయారుచేయడం మూడేళ్ళుగా ఈ గల్ఫ్ వర్క్‌షాప్‌లో నా డ్యూటీ. మెడను సరిచేసే మెషీన్‌లో పెట్టేముందు, లోపల రాపిడి లేకుండా, ప్రతి గొట్టం మెడలోపల గ్రాఫైట్ పొడి అద్దిన బ్రష్ తిప్పుతాను. ఆయనకు అదే ఆలస్యంగా కనబడింది.

"ఎల్లుండి పోటీ ఉంది. బ్రష్ గిష్ ఛోడో, జల్దీ కరో."

పొడి లేకుండా ఒకటి పెట్టి హ్యాండిల్ లాగాను. కీచుమంది. బయటికి తీసి గాజుపలక మీద దొర్లిస్తే మెడ వంకరపోయి ఊగింది.

"చూడు భాయ్, దీంతో గురి యాడ కుదురుతాది?"

"ఎవడు చూస్తడు?"

తయారుచేసినవాళ్ళ పేరు చీటీ మీద రాసి, తయారైన గొట్టాల పెట్టెలో వెయ్యడం మా వర్క్‌షాప్ రూలు. ఆ చీటీ, పెన్ను ఆయన ముందుకు తోశాను.

"అట్లయితే నీ పేరు రాయి. పొడి ల్యాకుండా చేసిన పెట్టెలో నా పేరు ఏసేదే లేదు."

"నీ వీసా రెన్యువల్ కాగితం నా దగ్గరే ఉంది, యాదుంచుకో."

 మా కడపకు తిప్పి పంపించేస్తే... పంపించనీ. వంకర పనికి పేరు పెట్టి ఇక్కడ ఉండలేను.

ఆయన పెన్ను తీసుకున్నాడు. చీటీ మీదికి వంగాడు. మూత మాత్రం తీయలేదు.