చొక్కా మీది నీలం

ధర్మవరం, 4 జనవరి 2024

ప్రియమైన కుమారస్వామి నాయనకు,

పెనుకొండలో ఇరవై ఆరేండ్ల కింద చచ్చిపోయిన ఎల్లప్ప అమ్మను, అక్కమ్మను రాస్తాండా. ఎవరు చంపిందీ పోలీసులు తేల్చలేదు. వాని కథ నువ్వు నాటకంగా రాస్తాండావని పేపర్లో కూడబలుక్కుని చదివినా. ఆ పొద్దు నాటకంలో వాడు అర్జునుడు. నాటకమయినాక వేషం తీసి, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడంట. తెల్లారి కోటగోడ కింద పడుండాడు. ఆ పొద్దు కృష్ణుడి వేషం ఎవరిదో కనుక్కున్నావా?

నీ మేలు కోరే అవ్వ,
అక్కమ్మ

హిందూపురం, 11 జనవరి

ప్రియమైన అక్కమ్మవ్వకు,

కనుక్కోవడమెందుకవ్వా, కృష్ణుడు మా నాయన ఓబుళప్పే! "ఎల్లప్ప బంగారట్లా పిల్లోడప్పా" అని ఇప్పటికీ అంటాడు. ఇకమీదట కృష్ణుడి వేషం ఎల్లప్పకే అని నాటక సమాజం వాళ్లు ఆ రోజే చెప్పారట. చివరి రంగం మాత్రం కుదరడం లేదు. హంతకుణ్ని ఉత్త నీడగా చూపించనా?

నీ మనవడనుకో,
కుమారస్వామి

ధర్మవరం, 19 జనవరి

ప్రియమైన నాయనా,

నీడెందుకప్పా? వానికి రంగుండాది.

ఎల్లప్ప పట్టునూలుకు రంగులద్దేవాడు. చొక్కా నిండా నీలం చూసి పోలీసులు "అద్దకం రంగులేమ్మా" అని నా చేతికిచ్చేసినారు. నేనూ ఆ పనిలోనే ముసలిదాన్నయినా. మా రంగు గుడ్డ చినిగినా వదలదు. కాలరు కొస సబ్బునీళ్లలో ముంచితే నీలమంతా జారిపోయె. అది వేషానికి ముఖాన పూసుకునే రంగు. చెప్పబోతే "పోవమ్మా" అన్నారు. మిగతా చొక్కా తడపకుండా దాచినా.

ఉతికిన చొక్కాకు నీలం ఎట్లొచ్చెనో మీ నాయన్నడుగు.

అక్కమ్మ

హిందూపురం, 2 మార్చి

అవ్వా,

అడిగాను. నాయన చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది. "ఆ చొక్కా ఇంకా ఉండాదా?" అన్నాడు. చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. నాటకం ఆపేస్తున్నాను. క్షమించు.

కుమారస్వామి

ధర్మవరం, 6 మార్చి

ప్రియమైన కుమారస్వామికి,

నాటకం ఆపొద్దు. ఆ కృష్ణుడెవరో నాకెప్పుడో తెలుసు. పేపర్లో నువ్వు ఓబుళప్ప కొడుకువని చూసే రాసినా. నేను చెప్పబోతే పోలీసులు తోసేసినారు, కొడుకు అడిగితే మీ నాయన యాడికి పోతాడు?

పెనుకొండలోనే ఆడాల. కృష్ణుడి నీలం నువ్వే పూసుకో. మీ నాయన్ను ముందు వరసలో కూర్చోబెట్టు. రానంటే ఆయన పేరు రాసి ఖాళీ కుర్చీ వెయ్యి.

చివరి రంగం నాది. తెల్లటి బేసిన్లో సబ్బునీళ్లు పెట్టించు. చొక్కా చెయ్యి ఒకటి కత్తిరించి దాచినా, అది కోర్టుకు. మిగతాది ఊరందరి ముందర ఉతుకుతా. ఒక్క మాటా మాట్లాడను. నీళ్లు నీలమయినాక నువ్వు పక్కన ఇంకో బేసిన్లో ముఖం కడుక్కో.

రెండు నీళ్లూ మీ నాయన చూడాల.

ఎల్లప్ప అమ్మ,
అక్కమ్మ