గీత బయట నిలబడ్డవాడు

అన్నయ్యా,

నువ్వు పోయి ఈ రోజుకి పన్నెండేళ్లు. నీకిష్టమైన ఫ్రెంచి ఫుట్‌బాల్ స్ట్రైకర్ ఇప్పుడు ఆట మానేసి ఒక జట్టుకి మేనేజరయ్యాడు. నిన్న టీవీలో చూశాం. కోటు వేసుకుని, మైదానం గీత బయట నిలబడి ఆటగాళ్ల మీద అరుస్తున్నాడు.

"అప్పుడే తల నెరిసిపోయిందేంట్రా ఇతనికి!" అంది అమ్మ. తర్వాత గోడ మీద నీ ఫొటో వైపు చూసింది.

ఆకివీడులో మన చేపల చెరువులో పట్టుబడి అయిపోయింది, నీళ్లు తోడేసి చెరువు ఎండగట్టాం. అడుగు గట్టిపడింది. ఇలాంటప్పుడే కదా, మేత సంచులు కట్టే వెదురు కర్రలు పీకి గోల్‌పోస్టులు పాతేవాడివి! ఎప్పుడూ నన్నే గోల్‌లో నిలబెట్టేవాడివి. ఒక్కనాడైనా నన్ను బంతి తన్ననిచ్చావా?

ఈ సాయంత్రం కర్రలు నేనే పాతాను. ఆట మానేసినవాడు గీత బయట నిలబడొచ్చని నిన్ననే తెలిసింది. అందుకే గోల్‌లో నిలబడి, చీకటిపడేదాకా నీకోసం గట్టు వైపే చూశాను.