బొమ్మలో ఖాళీ స్టూలు

అర్దియా, కువైట్, 1983, గురువారం

నేస్తమా, వారం రోజులుగా నిన్ను తెరవలేదు, ఏమనుకోకు. దుకాణంలో ఫ్రేముల పని ఎక్కువైంది.

మిష్రిఫ్‌లో ఇంటిపని చేసే మన కడప లక్ష్మమ్మ ఈరోజు వాళ్ల మామా, అదే ఇంటి యజమానురాలు, ఇచ్చిన పాత రష్యా ఆయిల్ పెయింటింగుకు ఫ్రేము కట్టించడానికి వచ్చింది. బల్ల చుట్టూ తల్లి, ముగ్గురు పిల్లలు, ఒక ఖాళీ స్టూలు.

"ఈ స్టూలు మింద అతికించే ఫోటో ఏదమ్మా?" అన్నాను. మా రాయచోటి స్టూడియోలో ఇంటిల్లిపాదికీ ఫోటో తీసేటప్పుడు కువైట్‌కు వచ్చినవాళ్ల కోసం కుర్చీ ఖాళీగా వదిలి, తర్వాత వాళ్ల ఫోటో అతికిస్తారు కదా!

లక్ష్మమ్మ పగలబడి నవ్వింది. "నీకేమన్నా పిచ్చా అన్నా? అది బొమ్మేసిన ఆయప్పదంట. ఆడినుంచి లేసి, ఎదురుగా నిలబడి పెండ్లాం బిడ్డల్ని చూస్తా ఏసినాడంట. మామా చెప్పింది."

అదృష్టవంతుడు. కళ్లారా చూసుకోవడానికే లేచాడు.

ఊరినుంచి నా భార్య మెహరున్ పంపిన ఫోటోలో తన పక్కన నా కుర్చీ ఖాళీగా ఉంది. అతికించడానికి నా ఫోటో పంపమని రాసింది. పంపబుద్ధి కావడం లేదు. మెహరూ, నేనొచ్చి కూర్చునేదాకా ఆ కుర్చీ అలాగే ఉండనీ. మనం కలిసేదెప్పుడు?