కాసెట్‌లో వచ్చిన సంబంధాలు

సిద్దిపేట, 5-2-1988

తమ్ముడు ఐలయ్యకు అక్క బాలలక్ష్మి దీవెనలు. కొమురెల్లి మల్లన్న దయ, అందరం బాగున్నాము.

చెల్లె సుగుణకు పెండ్లి సంబంధాలు చూపమని, మీ ఇటలీ ఇంజనీరు కెమెరాతో తీయించి పంపిన కాసెట్ అందింది. వీడియో దుకాణం భిక్షపతి వీసీఆర్ తెచ్చాడు. దీపం ముట్టించి చూసినాము. నీతో పనిచేసే దేవరాజు, అంజన్న ఎండలో ఉండి కూడా తెల్లగున్నారు. తెలుగు మాత్రం మరిచినారు. "అరబ్బీ అక్కా, నేను చెప్త" అని భిక్షపతి అర్థం చెప్పాడు. మీసాలాయన "నాకు పెండ్లయింది" అన్నాడట. స్కూటర్ నడిపే ఆయన "పెండ్లాం సంపాదిస్తె తిని పండుకుంట" అన్నాడట. నవ్వుతూ చెప్పే మాటలేనా?

ఇట్లు, అక్క.

తా.క.: సుగుణ కాసెట్‌ను భిక్షపతితో నాలుగుసార్లు వేయించుకొని చూసింది. ఎవరు నచ్చారో చెప్పదు. భయమైతున్నది.

షార్జా, 22-2-1988

అక్కకు ఐలయ్య దండాలు.

నీ ఉత్తరం చదివి దేవరాజును నిలదీసిన. "లగ్గమే కాలే, పెండ్లాం యాడికెళ్ళొచ్చెరా?" అని నా గల్లా పట్టిండు. అంజన్న నాతో మాటలు బంద్ చేసిండు. స్కూటర్ ఎవరిది? మేం లేబర్ బస్సుల పోతం.

నీ తమ్ముడు.

తా.క.: ఇద్దరికీ మీసాల్లేవు.

సిద్దిపేట, 10-3-1988

ఐలయ్యకు దీవెనలు.

మీసాలు తీసి దాచినా పాపం దాగదు. మరి కాసెట్‌లో ఒక పొట్టి గౌను పిల్ల ఇద్దరితో ఎందుకు తిరుగుతున్నది? సుగుణ ఏడోసారి చూసింది. ఇంత ఇష్టమైతే స్కూటరాయనకే ఇద్దాం, తింటే తిననీ అన్నాను. భిక్షపతి చెమటలు తుడుచుకొని, కాసెట్ వెనక్కి తిప్పి, "అక్కా, ఇప్పుడు సరిగ్గ ఇన్న. ఈయనకు ఇద్దరు పెండ్లాలట" అన్నాడు.

అక్క.

తా.క.: మల్లన్నకు మొక్కుకున్నాను. నీ బుద్ధి కోసం.

షార్జా, 26-3-1988

అక్కా, దండాలు. ఇంజనీరు దగ్గర కాసెట్లు తారుమారైనయి! నువ్వు చూసింది ఇటలీ సినిమా. ఒక పిల్ల ఎంట ఇద్దరు పడే ప్రేమ కథ. చూస్తూ చూస్తూ ఇంజనీరే నిద్రపోయిండట. మనోళ్ల కాసెట్ మాత్రం మూడుసార్లు చూసి మస్తు నవ్విండు.

ఐలయ్య.

తా.క.: అది అరబ్బీ కాదు. భిక్షపతికి ఇటలీ భాష ఎట్లొచ్చె?

సిద్దిపేట, 14-4-1988

తమ్ముడికి దీవెనలు.

భిక్షపతిని పిలిచి అడిగాను.

"ఆ భాష నీకొస్తదా?"

"రాదక్కా."

"మరి అబద్ధాలెందుకు చెప్పినవ్?"

"నిజం చెప్పనీకె నోరు రాలే."

తలుపు చాటున సుగుణ కిసుక్కున నవ్వింది. ఏడుసార్లూ ఆమె చూసింది టీవీని కాదని అప్పుడు తెలిసింది. భిక్షపతి తల్లి దుర్గవ్వ ఒప్పుకున్నది. వచ్చే నెలలో లగ్గం. దేవరాజు, అంజన్నలకు క్షమాపణ చెప్పి వెంట తీసుకొని రా.

అక్క.

తా.క.: ఆ సినిమా నిన్న ఒక్కదాన్నే, చెప్పేవాళ్ళు లేకుండా చూసినాను. ఉప్పు లేదు, కారం లేదు. భిక్షపతి చెప్పిన కథే నయం.