భూకంపం గారి ప్రభ ఎప్పుడు తగ్గింది?

కుస్తీ వీరులు భూకంపం గారికి, కంపెనీ రికార్డుల విభాగం గుమాస్తా నమస్కరించి రాయునది.

మన కుస్తీ కంపెనీ పెట్టి పాతికేళ్ళయిన సందర్భంగా ప్రత్యేక సంచిక వేస్తున్నాం. అందులో మీకు అరపేజీ కేటాయించాం. మీరు పంపిన ఫారం అందింది. ఎత్తు, బరువు బాగానే రాశారు. ఛాతీ కొలత రెండుసార్లు రాశారు, రెండోసారి ఇంకాస్త పెరిగింది. కానీ ఏడో గడి ఖాళీగా వదిలేశారు. "మీ ప్రజాదరణ ఏ రోజున శిఖరానికి చేరింది? ఏ రోజు నుంచి తగ్గింది?" అన్నది అక్కడి ప్రశ్న. దయచేసి తేదీలు రాసి పంపగలరు.

ఇట్లు,
విధేయుడు, గుమాస్తా.

తా.క. ఏడో గడి చూశాకే యజమాని గారు పాతికేళ్ళ ఉత్సవం ఏర్పాట్లు చేస్తారు. ఆదరణ తగ్గనివాళ్ళకు ఆ రోజు ముఖ్య పోటీ. తగ్గినవాళ్ళకు వేదిక మీద మెత్తటి కుర్చీ.

•

గుమాస్తా గారికి భూకంపం ఆశీస్సులు.

అరపేజీయా? నా ఒక్క చెయ్యే అరపేజీలో పట్టదు. సరే, మీ కాగితం కొరత మీది.

ఏడో గడి మర్చిపోయి వదల్లేదు. ఆ ప్రశ్న నాకు వర్తించదు. శిఖరం ఇంకా రాలేదు, ఎక్కుతూనే ఉన్నాను. ఆ మెత్తటి కుర్చీ మీరే ఉంచుకోండి, పొద్దస్తమానం కూర్చునే ఉద్యోగం కదా, పనికొస్తుంది. నేను కుర్చీలు విరిచేవాణ్ణే కానీ కూర్చునేవాణ్ణి కాదు. ముఖ్య పోటీ నాదే.

ఇట్లు,
జనం గుండెల్లో కొలువున్న భూకంపం.

తా.క. రెండో ఛాతీ కొలత ఊపిరి బిగబట్టి తీసింది. అదే వెయ్యండి.

•

భూకంపం గారికి నమస్కారాలు.

తమరి శిఖరం ఇంకా రాలేదన్నారు. చిత్తం. "పంతొమ్మిదేళ్ళుగా కుస్తీ పడుతున్నా ఈయనకు ఇంకా పేరు రాలేదు" అని రాసి అచ్చుకు పంపాను. ప్రూఫు జతచేశాను, తప్పులుంటే దిద్దగలరు.

ఇట్లు,
గుమాస్తా.

తా.క. మీ ఫొటో కింద "ఇప్పుడిప్పుడే పైకొస్తున్న కుర్రాడు" అని పడింది. అది మీ జవాబు చదివి ప్రెస్సువాళ్ళు సొంతంగా చేర్చింది.

•

ఏమయ్యా గుమాస్తా,

నీ ప్రూఫు చించేశాను. మడతపెట్టి మరీ చించాను. రింగులోకి ఒక్కసారైనా దిగిన మొహమైతే ఇలా రాస్తావా?

పేరు రాలేదట! రాసుకో. కెరీర్ మొదలుపెట్టిన పదకొండో ఏడు. వాన పడుతోంది, స్టేడియం పైకప్పు కారుతోంది. నల్ల ముసుగు వేసుకొచ్చేవాడే, నా పాత శత్రువు, వాడి మీదికి నేను ఎగిరి దూకాను. మర్నాడు పేపర్లన్నీ దాన్ని "భూకంప లంఘనం" అన్నాయి. వాడు పెట్టిన కేకకు ఆఖరి వరుసలో వాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. రెండు నిమిషాలు చప్పట్లు ఆగలేదు. అదీ నా శిఖరం. ఇక తగ్గడమంటావా, అది జరగలేదు.

"బస్సులో ఒక ముసలావిడ లేచి ఈయనకు సీటిచ్చిందే, ఆ రోజు నుంచి అని రాయండి" అంటూ మా ఆవిడ పక్కనుంచి అందిస్తోంది. ఆ మాట పట్టించుకోవద్దు. మా ఆవిడ నా అభిమానే, పైకి తేలదంతే.

ఇట్లు,
శిఖరం దిగని భూకంపం.

తా.క. ఆ ముసలావిడ సీటిచ్చింది నన్ను గుర్తుపట్టే. కాకపోతే "మీకూ మోకాళ్ళ నొప్పులా బాబూ?" అని ఎందుకడిగిందో తెలియదు.

•

భూకంపం గారికి నమస్కారాలు.

గేటు దగ్గర మనిషి ప్రతి పోటీకీ వాచీ పట్టుకుని చప్పట్లు ఎన్ని సెకన్లు మోగాయో రాసే పుస్తకం ఒకటి ఇక్కడ ఉంది. మీరు చెప్పిన వాన రోజున రెండు నిమిషాల పది సెకన్లు. నిజమే, కంపెనీలో అదే రికార్డు. మరుసటి నెల యాభై సెకన్లు. ఏడాది తిరిగేసరికి ఇరవై. పోయిన నెల నాలుగు. ఆ నాలుగులో రెండు దోమల్ని చంపడానికి కొట్టినవని గేటు మనిషి పక్కన రాసిపెట్టాడు. నిజాయితీ గల మనిషి.

ఆ వాన రోజు తర్వాత ఏం మారిందో కాస్త గుర్తు తెచ్చుకుని రాయగలరు.

ఇట్లు,
గుమాస్తా.

తా.క. కుర్చీకి ఎర్ర గుడ్డ వేయించమంటారా, నీలం గుడ్డా? దర్జీ అడుగుతున్నాడు.

•

గుమాస్తా గారికి,

ఏమీ మారలేదు. అదే చెయ్యి, అదే అరుపు, అదే బెల్టు. బెల్టుకు రెండు బెజ్జాలు కొత్తగా వేయించాను, అంతే.

మారింది ఎదుటివాడు. నల్ల ముసుగు ఆ రోజుతో మానేశాడు. మానేస్తే నాకేం లోటు? ఉత్త గడ్డిబొమ్మ. నా చెయ్యి గాల్లో ఆడితే చాలు, పల్టీలు కొట్టి తాళ్ళ అవతల పడేవాడు. పదకొండేళ్ళు కొట్టాను కానీ ముసుగు కింద ఎవడున్నాడో చూడనే లేదు. హీరోలూ విలన్లూ వేరే బస్సుల్లో రావాలి, ఒకచోట టీ కూడా తాగకూడదు అన్నది కంపెనీ రూలు కదా. వాడి తర్వాత వచ్చినవాళ్ళంతా మొండి గోడలు. ఎంత కొట్టినా నిలబడి చూస్తారు. ఒకడైతే ఆవలించాడు. దానికి జనం నన్ను చూసి నవ్వారు.

గుమాస్తా గారూ, కోపంలో నోరు జారాను, మనసులో పెట్టుకోకండి. మా ఆవిడ బజారుకెళ్ళింది కాబట్టి ఈ మాట రాయగలుగుతున్నాను. ఆ పోటీ నాకు ఇప్పించండి. వేదిక మీద కూర్చుని ఇంకొకడికి చప్పట్లు కొట్టడం నా వల్ల కాదు. నాకు భయంగా ఉంది.

ఇట్లు,
భూకంపం.

తా.క. నీలం గుడ్డ. అంటే, తప్పకపోతే.

•

భూకంపం గారికి,

ఏడో గడి నేనే నింపాను. శిఖరానికి చేరింది ఆ వాన రోజు. తగ్గడం మొదలైందీ ఆ రోజే.

ఆ రోజు మీరు దూకలేదు. తడిసిన రింగులో కాలు జారి నా మోకాలి మీద పడ్డారు. పంతొమ్మిదేళ్ళలో మీరు నిజంగా కొట్టిన దెబ్బ అదొక్కటే. నేను నిజంగా పెట్టిన కేకా అదొక్కటే. అందుకే జనం అంత మురిసిపోయారు. ఆ గడ్డిబొమ్మను నేనే. మీ చెయ్యి తగలకముందే ఎటు ఎగరాలో, ఎన్ని పల్టీలు కొట్టాలో లెక్క చూసుకుని పడేవాణ్ణి. మీరేమో నిజంగానే పడగొట్టాననుకుని ఇంటికెళ్ళేవారు.

మోకాలు పోయాక కంపెనీ నాకు ఈ బల్ల ఇచ్చింది. మీ చప్పట్లు తగ్గుతున్న కొద్దీ మొదట్లో సంబరపడ్డాను, దాచడం దేనికి? నాలుగు సెకన్లకు వచ్చేసరికి మాత్రం ఏడుపొచ్చింది. ఆ చప్పట్లలో సగం నావే కదండీ.

యజమానితో మాట్లాడాను. ముఖ్య పోటీ మీదే. ఎదుట నల్ల ముసుగు. పోస్టరు అంటించిన పూటే టికెట్లన్నీ అయిపోయాయి.

ఇట్లు,
మీ చేతిలో అయిదు వందల అరవై సార్లు ఓడిపోయిన గుమాస్తా.

తా.క. ఫలితం యజమాని ముందే రాసిచ్చారు. ఈసారి ఓడిపోవాల్సింది మీరు. మీకు పడటం రాదు కాబట్టి ఆదివారం పొద్దున్నే వచ్చి నేర్చుకోండి. కుడివైపు పడతారో, ఎడమవైపు పడతారో మీ ఇష్టం. నా మీద మాత్రం పడకండి. మిగిలింది ఒక్క మోకాలే.